కృష్ణా రామా అనుకునే వయసులో



తెల్లవారుజామున మీరు చెప్పులు తొడుక్కుని నడకకు బయలుదేరారనుకోండి. వీధి అరుగు మీద కూర్చున్న మిత్రుడొకాయన తప్పకుండా పలకరిస్తాడు. "ఏమండీ, అరవై దాటాయి కదా, ఇంకా ఈ కసరత్తులన్నీ దేనికి? హాయిగా ఓ మూల కూర్చుని కృష్ణా రామా అనుకోక!" అంటాడు. మాటలో ప్రేమే తప్ప వెటకారం లేదు. అయినా ఆ మాట మన కాళ్ళకు అడ్డం పడుతుంది. నిజమే కదా, ఈ వయసులో ఇదంతా ఎందుకు అనిపిస్తుంది. ఒకరోజు మానేస్తాం. ఆ ఒకరోజు ఒక నెల అవుతుంది.

సరే, మిత్రుడు కృష్ణా రామా అనుకోమన్నాడు కాబట్టి, ఈవేళ మనం ఒక కృష్ణుడినీ ఒక రాముడినీ తలచుకుందాం. కృష్ణుడంటే శ్రీకృష్ణదేవరాయలు. రాముడంటే కోడి రామ్మూర్తి నాయుడు. వారితోపాటు మన సరిహద్దు జిల్లాల నేల మీద పుట్టి, పెద్ద వయసులోనూ శరీరాన్ని పనిలో పెట్టుకున్న మరికొందరిని కూడా పరిచయం చేసుకుందాం. వయసు మీద పడ్డాక వ్యాయామం చేయడం నిన్నమొన్న పుట్టిన పట్నపు సరదా కాదనీ, దాని వెనుక మన ప్రాంతానిదే అయిన ఒక చరిత్ర ఉందనీ మీకే తెలుస్తుంది.

ముందుగా హంపీకి వెళదాం. ఇన్నాళ్ళూ బళ్ళారి జిల్లాలో ఉన్న హంపీ, 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలోకి వచ్చింది. సుమారు 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు వర్తకుడు ఆ నగరాన్ని చూసి, తాను చూసినదీ విన్నదీ రాసిపెట్టాడు. ఆ రాతను 1900లో రాబర్ట్ సివెల్ తన విజయనగర చరిత్ర గ్రంథంలో ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో రాయలవారి వేకువ దినచర్య ఉంది.

రాయలవారు ఇంకా చీకటి ఉండగానే లేచేవారట. పావు లీటరుకు మించిన నువ్వులనూనె తాగి, అదే నూనె ఒళ్ళంతా పట్టించుకుని, గోచీ బిగించేవారట. మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతులతో ఎత్తేవారట. తరువాత కత్తి పట్టుకుని, ఒంటికి పట్టించిన నూనె అంతా చెమటగా కారిపోయేదాకా సాము చేసేవారట. ఆపైన తన మల్లులలో ఒకడితో కుస్తీ పట్టేవారట. అదయ్యాక గుర్రమెక్కి మైదానంలో అటూ ఇటూ పరుగులు తీయించేవారట. ఇదంతా తెల్లవారేలోపే! ఆ తరువాతే స్నానం, పూజ, రాజకార్యాలు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, వయసు. రాయలవారు 1471లో పుట్టారన్న లెక్క ప్రకారం చూస్తే, పేస్ చూసేనాటికి ఆయనకు ఇంచుమించు యాభై ఏళ్ళు. ఆ కాలానికి అది చిన్న వయసేమీ కాదు. పైగా ఆయన మరీ నాజూకు మనిషి కూడా కాదనీ, సన్నం అనేకంటే కాస్త లావే అనవచ్చుననీ పేస్ స్వయంగా చెప్పాడు. రెండోది, ఆ కసరత్తులోని రకరకాలు. బరువులు ఎత్తడం కండకు. కత్తిసాము చేతికీ కంటికీ పొత్తు కుదరడానికి. కుస్తీ పట్టుకూ ఒడుపుకూ. గుర్రపుస్వారీ నడుముకూ తొడలకూ, తూలిపోకుండా నిలబడే నేర్పుకూ. ఒక్క పని పట్టుకుని రోజూ అదే చేయలేదు. ఒంట్లోని ఒక్కొక్క శక్తికి ఒక్కొక్క పని పెట్టారు.

ఇది రాయలవారు కొత్తగా కనిపెట్టినది కాదు. ఆయనకు నాలుగు వందల ఏళ్ళ ముందు, ఇప్పటి బీదరు జిల్లాలోని బసవకల్యాణం రాజధానిగా ఏలిన చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసం అనే పెద్ద సంస్కృత గ్రంథం రాశాడు. అందులో మల్లుల గురించి ఒక ప్రకరణం ఉంది. మల్లులు చేయవలసిన శ్రమలను అందులో వేరువేరుగా చెప్పాడు. బరువులు ఎత్తడం భారశ్రమ. నడక భ్రమణశ్రమ. నీటిలో ఈదడం సలిలశ్రమ. ఇద్దరు చేతులు పెనవేసుకుని తోసుకోవడం ఒకటి. స్తంభాన్ని పట్టుకుని చేసేది స్తంభశ్రమ. నేటికీ మహారాష్ట్రలో మల్లఖాంబ్ అంటే స్తంభం మీద చేసే విన్యాసమే. అంటే, ఒక్క రకం కసరత్తు చాలదన్న ఎరుక మన నేల మీద కనీసం తొమ్మిది వందల ఏళ్ళుగా ఉందన్నమాట.

"రాజులకేం, మల్లులకేం, వాళ్ళ సంగతి వేరు. మామూలు జనం ఏ కసరత్తు చేశారు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. మామూలు జనానికి కసరత్తు అనే పేరు అక్కరలేకపోయింది. పనే కసరత్తు. బావి దగ్గర మోట తోలిన రైతు ఎద్దుల వెంట రోజుకు ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ నడిచాడో ఎవరు లెక్కపెట్టారు? రోటి దగ్గర రోకలి ఎత్తి దించిన అమ్మ భుజాలకు వేరే బరువులు దేనికి? తిరగలి విసరడం, వంగి కళ్ళాపి చల్లడం, గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టడం, నెత్తిన బిందె, చంకన బిందె పెట్టుకుని తొణక్కుండా నడిచి రావడం, వీటిలో ఒకటి బలానికైతే ఒకటి కీళ్ళకు, ఒకటి ఊపిరికైతే ఒకటి నిలకడకు. షోలాపూరుకు తరలివెళ్ళిన మన పద్మశాలీలను తీసుకోండి, బరంపురంలో స్థిరపడిన మన నేతకుటుంబాలను తీసుకోండి. గుంటమగ్గంలో కూర్చున్న నేతగాడికి కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి, చేతులు నాడె ఆడిస్తూనే ఉంటాయి, కళ్ళు పోగు మీద ఉంటాయి. ఆ పనులు సుఖమైనవని నేననడం లేదు. నడుములు విరిగేలా చేయించిన పనులే అవి. కానీ వాటితోపాటే ఒంట్లోని అన్ని భాగాలకూ కదలిక దొరికేది.

మరి ఏమైంది? మోట పోయి కరెంటు మోటారు వచ్చింది. రోలు పోయి మిక్సీ వచ్చింది. చేమగ్గం చోట మరమగ్గం వచ్చింది. సంతకు నడిచే దారిలో బస్సు వచ్చింది, తరువాత ఇంటి ముందుకు మోటారుసైకిలు వచ్చింది. అవి వచ్చినందుకు విచారించనక్కరలేదు. అయితే చాకిరీతో పాటు అది చాటుగా ఇచ్చిన బలం కూడా పోయింది. పోయినదాన్ని మనం గమనించలేదు. గమనించేది ఎప్పుడంటే, అరవై అయిదో ఏట కింద కూర్చున్న మనిషి లేవడానికి మరొకరి చెయ్యి కోసం చూసినప్పుడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ముసలితనంలో కదలకూడదన్న నమ్మకానికి మన శాస్త్రంలోనే ఒక ఆధారం కనిపిస్తుంది. ఆయుర్వేదంలో వాగ్భటుడి అష్టాంగహృదయం గొప్ప ప్రమాణగ్రంథం. వ్యాయామం వల్ల ఒళ్ళు తేలికవుతుందనీ, పని చేసే శక్తి వస్తుందనీ, ఆకలి పుడుతుందనీ, కొవ్వు కరుగుతుందనీ అందులో ఉంది. బలం కలవాడు కూడా తన శక్తిలో సగానికి మించి చేయరాదనీ ఉంది. దాంతోపాటు పిల్లలు, ముసలివారు, వాతపిత్త రోగులు, అజీర్తి ఉన్నవారు వ్యాయామం మానాలనీ ఉంది. ఆ కాలపు ముసలివారు రోజంతా పొలంలోనో ఇంటిలోనో పాటుపడే మనుషులు. వ్యాయామం అంటే అప్పుడు ఆయాసం వచ్చేదాకా చేసే శ్రమ. అలాంటి శ్రమ వద్దన్న మాటను, రోజంతా కుర్చీలో కూర్చునే నేటి పెద్దవారికి యథాతథంగా వర్తింపజేస్తే పొరపాటవుతుంది. ఆయన మాటల్లో నేటికీ పనికివచ్చేది సగం శక్తి సూత్రం. దాన్ని గుర్తుంచుకుందాం, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక మన రాముడి దగ్గరకు వద్దాం. కోడి రామ్మూర్తి నాయుడుగారు ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో గరిడీ నేర్చారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పారు. తరువాత సర్కస్ పెట్టి దేశదేశాలు తిరిగారు. ఛాతీ మీద ఏనుగును నిలుపుకున్నారు, ఇనుప గొలుసులు తెంపారు, కదిలే కార్లను ఆపారు. కలియుగ భీముడన్నారు జనం. ఆయన శాకాహారి. తన బలానికి కండతోపాటు ప్రాణాయామం కూడా కారణమని చెప్పేవారు. చూడండి, ఇక్కడా అదే సూత్రం. ఊరి గరిడీ ఒకటి, సైదాపేట డ్రిల్లు ఒకటి, యోగులు చెప్పిన ఊపిరి సాధన ఒకటి. మూడూ కలిసి రామ్మూర్తిగారు అయ్యారు. ఆయన చివరి రోజులు గడిచింది ఒడిశాలోని బలంగీరులో. 1942లో అక్కడే కన్నుమూశారు. ఒడిశాలోని మన తెలుగువారు గర్వంగా తలచుకోదగిన బంధుత్వం ఇది.

రామ్మూర్తిగారి కాలంలోనే దేశమంతటా వ్యాయామం మీద ఒక కొత్త శ్రద్ధ పుట్టింది. మహారాష్ట్రలోని అమరావతిలో 1914లో హనుమాన్ వ్యాయామశాల వెలిసింది. సతారా ప్రాంతంలో ఔంధ్ అనే చిన్న సంస్థానం ఉండేది. దాని రాజు భవానరావు పంత్ ప్రతినిధి 1868లో పుట్టారు. ఆయన సూర్యనమస్కారాలను నియమంగా చేయడమే కాక, బడులలో నేర్పించారు, దాని మీద పుస్తకం రాశారు. ఆ పుస్తకం 1928లో వచ్చేనాటికి ఆయనకు అరవై ఏళ్ళు. మన అరుగు మీది మిత్రుడు కృష్ణా రామా అనుకోమనే వయసు! ఆయన 1951 దాకా జీవించారు. సూర్యనమస్కారం ఒక్క వ్యాయామంలా కనిపిస్తుంది కానీ, విడదీసి చూడండి. చేతులెత్తి వెనక్కి వంగడం, ముందుకు వంగడం, కాలు చాచడం, చేతుల మీద బరువు ఆన్చడం, దానికి తగ్గట్టు ఊపిరి. అదీ ఒక పాయసం లాంటిదే, అన్నీ కలిస్తేనే రుచి.

ఇంతవరకూ చెప్పుకున్నవారు శరీరానికి రకరకాల పనులు పెట్టారు. అయితే వయసు పెరిగేకొద్దీ ఆ పనులను ఎలా మార్చుకోవాలి? దీనికి జవాబు కర్ణాటకలో దొరుకుతుంది. చిత్రదుర్గ జిల్లా ముచుకుంటెలో 1888లో పుట్టిన తిరుమల కృష్ణమాచార్యులవారు మైసూరు మహారాజు ఆదరణతో 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపారు. కుర్రవాళ్ళకు ఎగిరి దూకే ఆసనాలు నేర్పినది ఆయనే. వయసు మళ్ళినవారికీ జబ్బుపడినవారికీ మనిషిని బట్టి, ఊపిరిని బట్టి మెల్లని క్రమం వేరుగా కూర్చినదీ ఆయనే. 1950ల నుంచి మద్రాసులో ఉండి, నూరేళ్ళు నిండాక 1989లో కన్నుమూశారు. తొంభై ఆరో ఏట తుంటి ఎముక విరిగితే, మంచం మీద ఉండే చేయగలిగిన సాధన తనకు తానే కూర్చుకున్నారని ఆయన శిష్యులు చెబుతారు. ఎత్తైన ఆసనం పోయింది, సాధన పోలేదు.

ఆయన శిష్యులలో ఒకరు మన కోలారు జిల్లావాడే. బేళ్ళూరులో 1918లో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగార్. చిన్నతనమంతా రోగాలే. మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెనుక ఒకటి పట్టి పీడించాయి. అలాంటి పిల్లవాడు యోగంతో నిలదొక్కుకుని, పుణేలో స్థిరపడి, 1966లో రాసిన పుస్తకంతో ప్రపంచమంతా తెలిశారు. ఆయన చేసిన గొప్ప ఉపకారం ఏమిటంటే, శరీరం వంగనప్పుడు గోడను, కుర్చీని, తాడును, చెక్కదిమ్మను సాయం తెచ్చుకోవడం నేర్పారు. సాయం తీసుకోవడం చిన్నతనం కాదన్నమాట. తొంభై దాటాక కూడా సాధన మానలేదు. 2014లో తొంభై అయిదేళ్ళ వయసులో వెళ్ళిపోయారు.

ఇవన్నీ పెద్దల అనుభవాలు. మరి నేటి వైద్యశాస్త్రం ఏమంటోంది? జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్‌లోని రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఒక సంగతి బయటపెట్టాడు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపిన మొదటి పరిశోధనల్లో అదొకటి. ఆ మోరిస్ 1910లో పుట్టి 2009 దాకా, తొంభై తొమ్మిదేళ్ళు బతికాడు.

1990లో అమెరికాలోని బోస్టన్‌లో ఇంకా ధైర్యమైన ప్రయత్నం జరిగింది. వృద్ధాశ్రమంలో ఉంటున్న పదిమంది బలహీనులైన ముసలివారిని తీసుకున్నారు. వారి సగటు వయసు తొంభై. వైద్యుల పర్యవేక్షణలో ఎనిమిది వారాలపాటు కాళ్ళతో బరువులు ఎత్తించారు. పూర్తి చేసిన తొమ్మిదిమందికి కాళ్ళ బలం సగటున రెండున్నర రెట్లకు మించింది. తొంభయ్యో ఏట కూడా కండ మాట వింటుందని రుజువైంది. ముసలివారికి బలం ఇక రాదన్న పాత మాట ఆనాటితో వీగిపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, అంటే చురుకైన నడకలాంటిది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. అరవై అయిదు దాటినవారికి మాత్రం ఇంకొకటి చేర్చారు. వారానికి మూడు రోజులైనా నిలకడనూ బలాన్నీ కలిపి సాధించే రకరకాల కసరత్తు చేయాలని. ఎందుకంటే ఆ వయసులో పెద్ద శత్రువు తూలిపడటం. రాయలవారి బరువులూ, గుర్రపుస్వారీ నేర్పిన నిలకడా, సోమేశ్వరుడి భ్రమణశ్రమా, పేర్లు మారి అక్కడ కనిపించడం లేదూ?

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీకు గరిడీ అక్కరలేదు, గుర్రం అక్కరలేదు. నాలుగు రకాల పని చాలు. మొదటిది నడక. పక్కవారితో మాట్లాడగలిగేలా, కానీ పాట పాడలేనంత వేగంగా నడవండి. రెండోది బలం. కుర్చీలో కూర్చుని, చేతులు ఆన్చకుండా లేచి నిలబడి, మళ్ళీ మెల్లగా కూర్చోండి. అయిదుసార్లతో మొదలుపెట్టండి. గోడకు చేతులు ఆన్చి తోయండి. నీళ్ళు నింపిన సీసాలు చెరో చేత్తో ఎత్తండి. మూడోది నిలకడ. కుర్చీ వీపును గానీ గోడను గానీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి. పట్టు కుదిరాక ఒక్క వేలు మాత్రమే ఆన్చండి. నాలుగోది కీళ్ళ కదలికా ఊపిరీ. భుజాలు తిప్పడం, నడుము మెల్లగా మలచడం, నిదానంగా గాలి పీల్చి వదలడం. నడక రోజూ ఉండనివ్వండి. బలం, నిలకడ ఒకరోజు విడిచి ఒకరోజు పెట్టుకోండి. మోకాలు నొప్పి చేసిన రోజున చేతుల పని చేయండి. వాన పడిన రోజున వసారాలో నడవండి. మార్చుకోండి గానీ మానకండి.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు మొదలుపెట్టే ముందు డాక్టరుగారిని అడగండి. ఛాతీలో నొప్పి, తల తిరగడం, ఎన్నడూ లేని ఆయాసం వస్తే అక్కడితో ఆపి వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. వాగ్భటుడి సగం శక్తి సూత్రాన్ని మొదటి వారాల్లో పాటించండి. ఇంకా చేయగలననిపించినప్పుడే ఆపితే, రేపు మళ్ళీ చేయాలనిపిస్తుంది. ఇక రాయలవారిలాగా నువ్వులనూనె మాత్రం తాగకండి. ఆయనకు తరువాత గుర్రపుస్వారీ ఉంది, మనకు లేదు!

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. వ్యాయామం చావును ఆపదు. ఇంత కసరత్తు చేసిన రాయలవారు 1529లోనే వెళ్ళిపోయారు. అరవై కూడా నిండలేదు. ఆయుష్షు మన చేతిలో లేదు. అయితే మన పెద్దలు ఏమని కోరుకుంటారో మీకు తెలుసు. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే వెళ్ళిపోవాలి, ఎవరికీ బరువు కాకూడదు" అంటారు. నూరేళ్ళు కావాలని అడిగేవారికంటే, ఉన్నన్నాళ్ళూ తన చెంబు తాను ముంచుకుంటే చాలుననేవారే ఎక్కువ. ఆ కోరికను దేవుడి ముందు పెట్టడం ఎంత అవసరమో, కాలికీ చేతికీ రోజూ కాస్త పని పెట్టడం కూడా అంతే అవసరం. ఆడించకపోతే కాలూ చెయ్యీ ఎలా ఆడతాయి?

అందుచేత రేపు వేకువన మీ మిత్రుడు అరుగు మీద నుంచి మళ్ళీ అడిగితే కోప్పడకండి. "కృష్ణా రామా అనుకుంటూనే నడుస్తున్నానండీ, మీరూ రండి, తోడుంటుంది" అనండి. ఆయన కూడా చెప్పులు తొడుక్కుంటే, ఈ ప్రసంగం ఇద్దరికి పనికివచ్చినట్టే.